మంచు నిలవని చోటు

ఏడుగంటల రైల్లో ఓస్మున్ లీబెక్ సీట్లో ఓస్మున్ లీబెక్ లాగా కూర్చోవడానికి గూరో మెల్బీ పెద్దగా కష్టపడింది లేదు. అతని ముదురు నీలం కోటు తొడుక్కుంది. అతని ఉన్ని టోపీ కనుబొమల దాకా లాక్కుంది. మఫ్లరు ముక్కు మీదికి ఎత్తుకుని, తల కిటికీ అద్దానికి ఆనించి కళ్లు మూసుకుంది. ఎత్తూ లావూ ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే. అసలు ఓస్మున్ పక్క పెట్టెలో గూరో పోలీసు కోటు తగిలించుకుని, ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుతో ముడుచుకుని కూర్చున్నాడు.

ఇరవై ఏళ్లుగా నేర పరిశోధన చేస్తున్న మనిషి. ఈ నాటకం బెడిసికొడితే పోయేది పరువొక్కటే అయితే ఆమె లెక్క చేసేది కాదు. ఎదురుగా ఉన్న సీటు ఖాళీ. అది హాల్వర్ నూర్బీది. అతను మాయమై ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. బయట మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలి. మనిషి బతికే ఉంటే, ఎక్కడ వెతకాలో ఈ ఉదయమే తేలాలి. సాయంత్రానికి తేలితే దొరికేది శవమే.

హాల్వర్ ఓస్లోలో నేల పరీక్షలు చేసే ఆఫీసులో ఇంజనీరు. సాగ్మో పట్టణంలో ఉద్యోగస్తులందరిలాగే రోజూ ఏడుగంటల బండికి రాజధాని వెళ్లి సాయంత్రం తిరిగొస్తాడు. నిన్న, సోమవారం, ఆఫీసుకు చేరలేదు. సెల్‌ఫోను ఓస్లో స్టేషన్ చెత్తబుట్టలో దొరికింది. రోజూ ఇదే పెట్టెలో వెళ్లే ఐదుగురు, హాల్వర్ తమ కళ్లముందే బండెక్కాడనీ ఓస్లోలో దిగాడనీ ఒకే మాట మీద నిలబడ్డారు. దాంతో కేసు రాజధాని పోలీసుల చేతికి వెళ్లిపోయింది. సముద్రంలో దూకి ఉంటాడని వాళ్లు గజ ఈతగాళ్లను కూడా పిలిపించుకున్నారు.

గూరోకి ఒక్కటే మింగుడు పడలేదు. హాల్వర్ చలికాలమంతా స్టేషన్‌కి మంచు మీద జారే స్లెడ్జి మీద వస్తాడు, ఒక కాలు బద్ద మీద పెట్టి రెండో కాలితో నేలను తన్నుకుంటూ. ఊళ్లో చాలామందికి అదే వాహనం. స్టేషన్ గోడకు ఆనించి, తాళం కూడా వెయ్యకుండా బండెక్కేస్తారు. వాటిని ఎవరూ ముట్టుకోరు. నిన్న సాయంత్రం బండి రాకముందే గూరో వెళ్లి చూస్తే అన్ని స్లెడ్జిలూ ఉన్నాయి, హాల్వర్‌ది లేదు.

మిగతా నలుగురూ ఎక్కారు. ఒకరి తర్వాత ఒకరు ఆమె వైపు తల ఊపారు. ఆమె కళ్లు తెరవకుండానే తల ఊపింది. పక్కనే కూర్చునే బెరిట్ సూలెమ్ అనే స్కూలు టీచరు తన సంచీ సర్దుకుంటూ మోచేయి తగిలిందని సారీ కూడా చెప్పింది. ఆ తర్వాత ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి కునుకులో వాళ్లు మునిగిపోయారు. రెండు స్టేషన్లు దాటాయి.

అప్పుడు గూరో టోపీ తీసింది. మఫ్లరు కిందికి లాగింది. బెరిట్ ఉలిక్కిపడి, చేతిలో కాఫీ తన ఒళ్లోనే ఒలకబోసుకుంది.

"క్షమించండి, పోలీసు. ఇందాకణ్ణించీ ఈ సీట్లో ఎవరున్నారనుకున్నారు?" అని అడిగింది గూరో.

పక్క పెట్టె తలుపు తోసుకుని ఓస్మున్ వచ్చి నిలబడేసరికి నలుగురి మొహాల్లోనూ రక్తం లేదు. నిన్న వీళ్లు చెప్పిన సాక్ష్యం ఏపాటిదో ఇంకెవరూ వీళ్లకు వివరించాల్సిన పని లేకపోయింది.

"హాల్వర్ మొహం నిన్న మీలో ఎవరు చూశారు?"

బెరిట్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పొద్దున్నే మనిషి మొహంలోకి చూడ్డం ఏం బావుంటుందండీ? ఎవరి నిద్ర వాళ్లది. ఆ సీట్లో ఆ కోటు ఉంటే హాల్వర్ ఉన్నట్టే. పదకొండేళ్లుగా అంతే. మేం అబద్ధం చెప్పలేదండీ."

అబద్ధం కాదు, నిజమే. మర్యాదస్తులు నిజాయితీగా చేసిన పొరపాటు అది. గూరోకి వాళ్ల మీద కోపం రాలేదు. తన మీదే వచ్చింది, ఈ సంగతి నిన్ననే తట్టనందుకు. ఆమె కూడా ఈ ఊళ్లోనే పుట్టింది, ఇదే బండిలో ఏళ్ల తరబడి తలొంచుకుని ప్రయాణించింది. తలొంచుకుని అన్న మాట మనసులో మెదలగానే ఆమె ఓస్మున్ వైపు తిరిగి, నిన్న ఎదుటి సీటు దగ్గర నేల మీద ఏం కనబడిందని అడిగింది. మొహం చూడనివాడు మరి ఎటు చూస్తాడు?

నిన్న ఆ మనిషి బూట్ల మీద తనకు చచ్చేంత కోపం వచ్చిందని ఓస్మున్ ఒప్పుకున్నాడు. హాల్వర్ అయితే మంచు మీద జారకుండా బూట్లకు బిగించే మేకుల పట్టీ గుమ్మంలోనే విప్పి, అడుగులు దులుపుకుని గానీ లోపలికి రాడు. నిన్న వచ్చినవి కట్టుబడి పనివాళ్లు తొడిగే ఇనప ముక్కు బూట్లు. వాటి నుంచి గోధుమరంగు నీళ్లు కారి మడుగు కట్టాయి. ఆ మడుగులో తడిసిన రంపపు పొట్టు. ఓస్మున్ తన సంచీ ఎత్తి ఒళ్లో పెట్టుకోవాల్సి వచ్చింది.

"మరి ఆయనతో ఏమీ అనలేదా?"

"ఓస్లో దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. మనసులో," అన్నాడు ఓస్మున్.

ఈ చలిలో నేలంతా రాయిలా బిగుసుకుపోయి ఉంది. తడి పొట్టు బూట్లకు అంటుకునే చోటు ఊరు మొత్తానికీ ఒక్కటే, నది ఒడ్డున పాత సామిల్లు ఆవరణ. సాగ్మో పుట్టిందే పొట్టు మీద. నదిలో తేలివచ్చిన దుంగలను మిల్లులు కోసేవి, పలకలను రైలు మోసుకుపోయేది, మిగిలిన పొట్టును తాతలు చిత్తడిలో పోసి దానిమీదే ఇళ్లు కట్టారు. సామిల్లు వెనక ఆ పొట్టు లోతుగా ఉండి, పేడకుప్పలాగా లోపల్లోపలే వెచ్చబడుతుంది. అక్కడ మంచు నిలవదు. పొట్టు కుళ్లి వేడెక్కుతోందని ఊళ్లో అందరూ అనుకునేవాళ్లు. హాల్వర్ ఆ వేడిని కొలవడానికి రోజూ బండికి ముందు ఆ ఆవరణకు వెళ్లొస్తాడు. నిన్న అతని కోటు తొడుక్కుని బండెక్కినవాడు అక్కణ్ణించే వచ్చాడు. అంటే హాల్వర్ బండి ఎక్కనే లేదు. సాగ్మో దాటనే లేదు.

ఓస్లో ప్లాట్‌ఫారం మీద ఎస్పెన్ రోస్టాడ్ ఎదురొచ్చాడు. రాజధాని పోలీసుల తరఫున కేసు చూస్తున్నది అతనే. గూరో కంటే పదేళ్లు చిన్న, ఇస్త్రీ నలగని మనిషి. బండిలో జరిగిన సంగతి ఆమె ఇంకా నోరు తెరవకముందే అతని చెవిన పడింది.

"గూరో, మీ ఊళ్లో నాటక సమాజం ఉందని తెలీదు నాకు," అన్నాడు.

"మీ సాక్షులు ఐదుగురూ కోటును చూశారు ఎస్పెన్. మనిషిని కాదు."

"నా దగ్గర కెమెరా వీడియో ఉంది."

"అందులో మొహం చూపించండి, ఇక్కణ్ణించే వెనక్కి పోతాను."

ఎస్పెన్ ఫోన్ తీసి వీడియో పెట్టాడు. నీలం కోటు, టోపీ, మఫ్లరు, జనంలో కలిసిపోయిన వీపు. అతను దాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పాడు, మూడోసారి తిప్పకుండా జేబులో పెట్టుకున్నాడు. గూరో వెంటనే కుక్కల దళం కావాలంది. అతను కుదరదన్నాడు. చీకటి నెలల్లో మనసు చెదిరి నీళ్లలో దూకేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారనీ, బూట్ల మీది బురదను నమ్ముకుని గజ ఈతగాళ్లను వెనక్కి పంపలేననీ అన్నాడు.

"ఆయన శవం కోసం మీరు నీళ్లలో వెతుకుతున్నారు. నేను మనిషి కోసం వెతుకుతున్నాను. అదీ మన ఇద్దరికీ తేడా," అంది గూరో.

మాట కాస్త గట్టిగానే తగిలింది. ఎస్పెన్, ఇక్కడి పని ఒకరికి అప్పగించి తాను కారులో సాగ్మో వస్తాననీ, అక్కడ ఏమీ లేదని తేలితే ఆ సంగతి పై అధికారుల ముందు ఆమే చెప్పుకోవాలనీ అన్నాడు. గూరో సరేనని తిరుగు బండి ఎక్కేసింది. ఎక్కుతూనే సాగ్మో పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేసి ఇద్దరు పోలీసులను ఆవరణ గేటు దగ్గరికి పంపమంది. అగ్నిమాపక దళాన్ని కూడా సిద్ధంగా ఉండమంది.

ఆమె సామిల్లు ఆవరణ చేరేసరికి అప్పుడే వెలుగు వస్తోంది. గేటు దగ్గర ఇద్దరు పోలీసులతో పాటు, కబురు తెలిసి వచ్చిన హాల్వర్ భార్య యూరున్, ఆమె తమ్ముడు టెర్యే నిలబడి ఉన్నారు. ఆ స్థలంలో ఇళ్లు కట్టిస్తున్నది టెర్యేనే. నేల గట్టిదని హాల్వర్ తేల్చి చెప్పేదాకా పునాది తవ్వే వీల్లేదు. రాత్రంతా అక్క పక్కనే కూర్చున్నాడట, కళ్లు ఉబ్బి ఉన్నాయి. గూరో అడిగినవాటికి తడుముకోకుండా జవాబు చెప్పాడు. నిన్న పనివాళ్లకు సెలవిచ్చాడు, ఇంత చలిలో కాంక్రీటు పొయ్యలేరు కదా. తాను ఇంట్లోనే ఉన్నాడు. బావ పొద్దున్నే ఇటొచ్చి వెళ్తుంటాడని తెలుసు, నిన్న వచ్చాడో లేదో తెలియదు. నేల కింద ఏముందో బావకే తెలియాలి, తనతో ఏనాడూ చెప్పలేదు.

"మీకెందుకు చెప్పలేదు? ఇళ్లు కట్టేది మీరే కదా?"

"బావ సంగతి మీకు తెలీదు మేడం. మాటల్లో పిసినారి. పండక్కి ఇంటికొస్తే కూడా అక్కే మాట్లాడుతుంది," అన్నాడు టెర్యే. యూరున్ ఏడుస్తూనే నవ్వబోయి నవ్వలేకపోయింది.

గూరో ఒక్కతే ఆవరణలోకి నడిచింది. పలకల దొంతరలు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కదాని నెత్తిన మోకాలెత్తు మంచు. ఆదివారం రాత్రంతా కురిసిన మంచు అది. వెనకాల, కలప ఎండబెట్టే షెడ్డు దాటాక నేల నల్లగా బయటపడింది. మంచు లేదు, సన్నటి ఆవిరి లేస్తోంది. కాలు పెడితే బూటు మెత్తగా దిగింది, ఎత్తితే గోధుమరంగు నీరు ఊరింది. ఓస్మున్ చెప్పిన రంగే.

ఆ నల్లనేల మధ్యలో ఒక పలకల దొంతర. దాని మీద మంచు లేదు. కింద వెచ్చగా ఉంటే అడుగున కరగాలి గానీ నెత్తిన ఎలా కరుగుతుంది? గూరో చెయ్యి చాపి పై పలకను తడిమింది. పొడిగా, గరుకుగా ఉంది. ఈ దొంతర మంచు కురిశాక పేర్చింది. సెలవన్న రోజున ఎవరో పని చేశారు.

దొంతర వెనక టార్పాలిన్ కప్పి ఉంది. లాగింది. కింద స్లెడ్జి, దాని పిడికి ఎర్ర ఉన్ని తాడు. హాల్వర్ స్లెడ్జికి అలాంటి తాడు తానే అల్లి కట్టానని యూరున్ నిన్న చెప్పింది. గూరో వంగి పలకల సందులోంచి టార్చి వేసి చూసింది. అడుగున తుప్పు పట్టిన ఇనుప మూత, దానికో కొక్కెం. మిల్లు నడిచే రోజుల్లో పొట్టును జారవిడిచే నేలకొట్టు అది. పలకల మీద దబదబా కొట్టి పేరు పెట్టి పిలిచింది. మధ్యలో పలకలు అడ్డం. లోపలి నుంచి జవాబు వచ్చిందో లేదో చెప్పలేకపోయింది.

వెనక అడుగుల చప్పుడైంది. ఎస్పెన్. స్లెడ్జి చూశాడు, మంచు లేని దొంతర చూశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఫోన్ తీసి సముద్రంలో వెతుకులాట ఆపమన్నాడు, ఇక్కడి అగ్నిమాపక దళాన్నీ అంబులెన్సునూ రమ్మన్నాడు. తర్వాత గూరో వైపు తిరిగి, "తప్పు నాదే. ఆ మాట తర్వాత తీరిగ్గా అనండి, పడతాను. ముందు ఆయన్ని తీద్దాం," అన్నాడు. గూరోకి అతని మీద మొదటిసారి గౌరవం కలిగింది.

దళం రావడానికి ఇంకా సమయం పడుతుందన్నారు, దారిలో మంచు. ఈలోగా టెర్యే పరిగెత్తుకొచ్చాడు. విషయం తెలియగానే అతను తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మరుక్షణం లేచాడు.

"బావ లోపల చస్తుంటే ఎవరి కోసం చూడ్డం? పొక్లెయిన్ ఉంది కదా, నేను తీస్తాను," అంటూ బండెక్కి స్టార్ట్ చేశాడు.

ఎస్పెన్ వద్దనలేదు. వద్దనడానికి గూరోకి కూడా కారణం కనబడలేదు. యూరున్ ఇద్దరు పోలీసుల మధ్య నిలబడి, త్వరగా తియ్యరా అని తమ్ముడిని బతిమాలుతోంది. పొక్లెయిన్ ఇనుప చెయ్యి పలకలను పక్కకు నెట్టేసింది. మూత బయటపడింది. ఎస్పెన్ గొలుసు తెచ్చి ఒక కొస మూత కొక్కేనికి, రెండో కొస పొక్లెయిన్ తొట్టికి తగిలించాడు.

గూరో అవతల నిలబడి ఉంది. అప్పుడు కాలికి ఏదో తగిలింది. పొట్టులోంచి జానెడు పైకి తేలిన సన్నటి ఇనుప గొట్టం. హాల్వర్ వేడి కొలిచే గొట్టాల్లో ఒకటి. అది వణుకుతోంది. ఇంజను అదురుకు అనుకుంది. చెయ్యి వేసి చూసింది. ఇంజను అదురు కాదు. ఆగి ఆగి, లోపలి నుంచి ఎవరో తడుతున్నారు.

ఆమె బురదలో మోకాళ్ల మీద పడి గొట్టానికి చెవి ఆనించింది. వేడి గాలి చెంపకు తగిలింది, దాంతోపాటు మాడు వాసన. ఆ తర్వాత ఒక గొంతు, బొంగురుగా, ఎండిపోయి.

"తెరవద్దు."

"హాల్వర్? నేను గూరో, పోలీసు. మిమ్మల్ని బయటకు తీస్తున్నాం."

"మూత తెరవద్దు. ఇది కుళ్లడం కాదు, నిప్పు. గాలి లేక అణిగి ఉంది. మూత తీస్తే భగ్గుమంటుంది." దగ్గు తెరలో మాట ఆగి మళ్లీ మొదలైంది. "ఈ గొట్టంలోంచే ఊపిరి పీలుస్తున్నాను. నదివైపు పాత తలుపు ఉంది. పూడిపోయింది. అటు తవ్వండి. ముందు నీళ్లు కొట్టి, తర్వాత తవ్వండి."

వెనక ఇంజను గొంతు పెంచింది. గొలుసులో వదులు తగ్గుతోంది.

"ఈ నిప్పు సంగతి ఇంకెవరికైనా తెలుసా?"

"టెర్యేకి. ఆదివారమే చెప్పాను, ఇళ్లు కట్టడానికి వీల్లేదని. నమ్మలేదు. నిన్న పొద్దున ఇక్కడే చూపించాను. లోపల ఉక్క కదా, కోటూ టోపీ విప్పి వాడి చేతికిచ్చి దిగాను. ఫోను కూడా కోటులోనే ఉండిపోయింది." మళ్లీ దగ్గు. "మూత గాలికి పడిందేమో అనుకున్నాను. చాలాసేపు పిలిచాను వాణ్ణి."

పిచ్చివాడు, ఇంకా గాలికే పడిందనుకుంటున్నాడు. మూత వేసి, పైన పలకలు పేర్చి, ఇక చస్తాడని వదిలేసి, అతని కోటులో ఓస్లో వెళ్లొచ్చినవాడు, ఇప్పుడు అందరూ చూస్తుండగా, అక్క బతిమాలుతుండగా, కన్నీళ్లతో బావను బయటకు తీయబోతున్నాడు. మంట లేస్తే అది ప్రమాదం. ప్రాణాలకు తెగించి కాపాడబోయిన తమ్ముడని ఊరంతా చెప్పుకుంటుంది.

ఆమె లేచి ఆపమని అరిచింది. ఇంజను మోతలో ఆ కేక ఎవరికీ చేరలేదు. చేతులు అడ్డంగా ఊపుతూ పరిగెత్తింది. ఎస్పెన్ ఆమెకు వీపు పెట్టి, ఎత్తమని టెర్యేకి చెయ్యి ఊపుతున్నాడు. యూరున్ రెండు చేతులూ జోడించి గొలుసు వైపే చూస్తోంది. గొలుసు బిర్రబిగిసింది. మూత అంచున సన్నటి సందు పడింది. ఆ సందులోంచి పొగ బయటకు రాలేదు. కిందనున్న నిప్పే పైనున్న ఆవిరిని లోపలికి పీల్చుకుంటోంది.

గూరో ఇంకేమీ ఆలోచించలేదు. ఒక్క గెంతులో వెళ్లి మూత మీద నిలబడింది. తన బరువుకు సందు మూసుకుంది. ఎస్పెన్ అదిరిపడి ఇటు తిరిగాడు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. క్యాబిన్ అద్దం వెనక టెర్యే ఆమెను చూశాడు. ఆమె ఎక్కణ్ణించి పరిగెత్తుకొచ్చిందో చూశాడు. అతని చూపు గొట్టం మీద పడింది, అక్కడే ఒక్క క్షణం ఆగింది. ఏడుపు మొహం మెల్లగా మామూలు మొహం అయింది.

"ఎస్పెన్, వాణ్ణి దింపు," అంది గూరో.

టెర్యే లివరు పూర్తిగా వెనక్కి లాగాడు. ఆమెతో సహా మూత పైకి లేచింది, చలిగాలి ఒక్కసారిగా లోపలికి దూకింది.